శుక్రవారం ఆటో

వడ్డేపల్లి చుట్టుపక్కల ఊళ్లలో మణెమ్మను చూడనివాళ్లు చాలామందే ఉన్నారు గానీ, ఆమె గొంతు విననివాళ్లు మాత్రం లేరు. బర్రె తప్పిపోయినా, రెండు రోజులు నల్లా బంద్ అన్నా, గొర్లకు టీకాలు వేసే తేదీ మారినా, శాంతినగర్ నుంచి మైకు కట్టుకుని బయలుదేరే ఆటోలోంచి వినిపించేది ఆ గొంతే. అది గొప్ప తీయని గొంతేమీ కాదు. కొంచెం బొంగురుగా, తొందర లేకుండా ఉంటుంది. పొయ్యి దగ్గర కూర్చున్న ఆడమనిషి చేతిలో పని ఆపకుండానే మొత్తం అర్థం చేసుకోగలుగుతుంది.

పదో ఏట, ఐదో తరగతి మధ్యలో బడి మాని ఆమె పత్తి విత్తనాల చేలల్లోకి పోయింది. సాయంత్రం మొగ్గల పొరలు గిల్లడం, తెల్లారి మగపూలు తెచ్చి పుప్పొడి అద్దడం. ఊళ్లో దాన్ని క్రాసింగ్ అంటారు. చిన్న వేళ్లకు బాగా వస్తుందని ఆ రోజుల్లో పిల్లల్నే పిలిచేవాళ్లు. పదిహేడో ఏట పెళ్లయింది. భర్త ఇస్రాయేలుతో పూనా దగ్గర బిల్డింగుల పనికి పోయి ఆరేళ్లు ఉంది. అక్కడి మేస్త్రీకి పేర్లు చదవడం సరిగ్గా రాదు. పొద్దున హాజరు పిలిచే పని ఈమెకు అప్పగించాడు. పలకని మనిషికి ఆ రోజు పని లేనట్టే. పై అంతస్తుల్లో ఉన్నవాళ్లకు కూడా వినపడాలని మణెమ్మ ఒక్కో పేరునూ రెండుసార్లు, మధ్యలో ఆగి, పిలిచేది.

ఇస్రాయేలు పరంజా మీంచి జారి మోకాలు చెడగొట్టుకున్నాక ఇద్దరూ వడ్డేపల్లికి తిరిగొచ్చారు. రోడ్డు పక్కన అతను పంక్చర్ల దుకాణం పెట్టుకున్నాడు. ఆమె మళ్లీ క్రాసింగ్‌కు పోయింది. ఆదివారం చర్చిలో ప్రకటనలు చదివేది. ఒక క్రిస్మస్ సభకు మైకు సెట్టు తెచ్చిన వెంకటన్న ఆ చదవడం విన్నాడు. శాంతినగర్‌లో అతనికి చిన్న రికార్డింగ్ గది ఉంది. మైకు ఆటోలు రెండు తిప్పుతాడు.

"అక్కా, రేపొకసారి దుకాణానికి రా. పశువుల దవాఖానోళ్ల అనౌన్స్‌మెంట్ ఉంది. నువ్వు చెప్పు" అన్నాడు.

అట్లా మొదలైంది. ఏడెనిమిదేళ్లలో ఆమె ఎన్ని చెప్పిందో లెక్క లేదు. ఒక అలవాటు మాత్రం వదల్లేదు. కాగితం చేతికిస్తే వెంటనే చదివేది కాదు. ఎప్పుడు, యాడ, ఎవర్ని అడగాలె అని మూడూ కనుక్కున్న తర్వాతే మైకు ముందు కూర్చునేది. దానికి కారణముంది. ఆటో వెళ్లిపోతుంది. ప్రశ్నలు మాత్రం ఆమె ఇంటికొస్తాయి. చేలో, బోరింగు దగ్గర, బస్సులో జనం ఆమెనే పట్టుకుని అడుగుతారు.

రెండేళ్ల కిందట జూలైలో శ్రవణ్ కుమార్ వచ్చాడు. నాగర్‌కర్నూల్ అతని ఊరు. అగ్రికల్చర్ చదివి, హైదరాబాద్‌లో ఆఫీసున్న ఒక పురుగుమందుల కంపెనీలో పని చేస్తున్నాడు. ముప్పై ఏళ్లుంటాయి, మర్యాదస్తుడు. తెచ్చిన కాగితంలో మొదటి వాక్యమే నాలుగు వరుసలుంది. పర్యావరణ పరిరక్షణ పట్ల సామాజిక బాధ్యతతో, సుస్థిర వ్యవసాయ లక్ష్యాల సాధన దిశగా, అని.

మణెమ్మ రెండుసార్లు చదువుకుంది. "సారూ, సుస్థిర అంటే ఏంది?"

"సస్టెయినబుల్ అని అక్కా."

"అంటే?"

"అంటే... ఇయ్యాల మనం చేసే ఎవుసంతోని రేపటోళ్లకు భూమి, నీళ్లు ఖరాబు కావొద్దని."

"గట్లనే రాస్తే అయిపోవు గద."

వెంకటన్న నవ్వాడు. శ్రవణ్ కుమార్ కూడా నవ్వి, పెన్ను తీశాడు. ముగ్గురూ కూర్చుని ఆ కాగితాన్ని మార్చారు. చెప్పాల్సిన సంగతి చిన్నదే. విత్తన పత్తికి మందు ఎక్కువ కొడతారు. ఖాళీ డబ్బాలు గట్ల మీద పడేస్తారు, కాలువలోకి విసురుతారు, కాలబెడతారు. కొందరు కడిగి ఇంట్లో నీళ్లకు వాడుకుంటారు. కంపెనీ వాటిని వెనక్కి తీసుకుంటుంది. వారానికొకసారి ఆటో వచ్చి పట్టుకుపోతుంది. పది డబ్బాలకు ఒక సబ్బు.

"ఏ రోజు వస్తది?"

"శుక్రారం."

"ప్రతి శుక్రారమా? మధ్యల తప్పదు గద?"

"తప్పదక్కా. సీజన్ అయ్యేదాంక వస్తది."

మరుసటి రోజు నుంచి తనగలలో, పైపాడులో, కాలువ పొడుగూతా ఉన్న ఊళ్లలో ఆమె గొంతు తిరిగింది. "అన్నలారా, అక్కలారా, మందు కొట్టినంక ఖాళీ డబ్బా గట్టు మీద పడెయ్యకుండ్రి. కాలువల యెయ్యకుండ్రి. ఇంట్ల నీళ్లకు అసలే వాడకుండ్రి. మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు మళ్ల మందు కొట్టే పంపులనే పోసి కొట్టుండ్రి. డబ్బా అడుగున తూటు పొడిచి సంచిల యెయ్యుండ్రి. శుక్రారం శుక్రారం ఆటో మీ ఊరికే వస్తది. తప్పదు."

ఆటో వచ్చింది. మొదటి శుక్రవారం జనం చూసి ఊరుకున్నారు. రెండోసారి సబ్బుల కోసం పిల్లలు నాలుగు సంచులు తెచ్చారు. ఐదో వారానికి పెద్దవాళ్లే తెచ్చి ఇచ్చారు. మూడెకరాల్లో విత్తన పత్తి వేసే కిష్టమ్మ, మణెమ్మ క్రాసింగ్‌కు పోయే చేను గలామె, స్నానాల గదిలో ఏడాదిగా వాడుతున్న నీలం డబ్బాను తెచ్చి సంచిలో వేసింది. "ఇది గూడ మందు డబ్బానేనంట పిల్లా. నాకేం తెలుసు, రంగు మంచిగుందని పెట్టుకున్న" అంది.

డబ్బాలన్నీ వడ్డేపల్లి శివారులో కంపెనీ కిరాయికి తీసుకున్న రేకుల షెడ్డుకు చేరేవి. అక్కడి నుంచి సిమెంటు ఫ్యాక్టరీకి పంపిస్తారని, బట్టీలో పెద్ద వేడికి కాల్చేస్తారని శ్రవణ్ కుమార్ చెప్పాడు.

ఆగస్టు ఆఖర్లో హైదరాబాద్ నుంచి జయశ్రీ అనే మేడమ్ వచ్చింది. కంపెనీ చేసే మంచి పనుల గురించి బయటివాళ్లకు చెప్పే విభాగం ఆమెది. ఇద్దరు కెమెరావాళ్లు వెంట ఉన్నారు. చేలో ఆడవాళ్లందరికీ ఆకుపచ్చ టోపీలు ఇచ్చారు. డబ్బాలు సంచిలో వేయడం మూడుసార్లు తీశారు. మణెమ్మను గట్టు మీద నిలబెట్టి నాలుగు మాటలు చెప్పమన్నారు. రోజూ మైకులో చెప్పేవే చెప్పింది. జయశ్రీ ఆమె చేయి పట్టుకుని, "ఎంత బాగా చెప్తున్నారండీ" అని మెచ్చుకుంది. ఆ మెప్పులో నటన లేదు.

ఆ తర్వాతి శుక్రవారం ఆటో రాలేదు.

అటు తర్వాతిదీ రాలేదు. మణెమ్మ ఫోన్ చేస్తే శ్రవణ్ కుమార్, "ఆటో కాంట్రాక్టోడు మారుతున్నడక్కా, జర ఆగమని చెప్పు" అన్నాడు. మూడోసారి చేసినప్పుడు మీటింగులో ఉన్నానన్నాడు. నాలుగోసారి ఎత్తలేదు.

చిక్కేమిటంటే డబ్బాలు మోసే ఆటో కాంట్రాక్టు వేరు, మైకు ఆటో కాంట్రాక్టు వేరు. మొదటిది ఆగిపోయింది. రెండోది నవంబరు దాకా ఉంది. అందుకని శుక్రారం శుక్రారం ఆటో వస్తది, తప్పదు అని మణెమ్మ గొంతు రోజూ ఊళ్లు తిరుగుతూనే ఉంది. జనం సంచులు కట్టి వాకిట్లో పెట్టుకున్నారు, చూశారు, చూసి చూసి తెచ్చి మణెమ్మ ఇంటి ముందు పడేయడం మొదలుపెట్టారు.

ఎవరూ తిట్టలేదు. "నువ్వు చెప్పినవని దాచి పెట్టినమమ్మా, ఇగో" అని పెట్టి పోయేవాళ్లు. కొందరు సబ్బులడిగారు. అంతకుముందు ఎన్నడూ మణెమ్మ వాళ్ల దళితవాడకు రాని కిష్టమ్మ కూడా రెండు సంచులు మోసుకుని వచ్చింది. లోపలికి రాలేదు గానీ, గోడ దగ్గర నిలబడి చాలాసేపు మాట్లాడింది. తమ ఇంట్లో దూడ సంచిని నాకబోతే లాగేశామని, ఇక ఇంట్లో పెట్టుకోలేమని చెప్పింది.

అక్టోబరు వచ్చేసరికి ఇంటి గోడ పొడుగునా, పంక్చర్ల దుకాణం వెనక నడుమెత్తు సంచులు పేరుకున్నాయి. ఎండెక్కితే వాసన. ఇస్రాయేలుకు తలనొప్పి పట్టుకుంది.

"పాత సామాన్ల ఆయన నిన్న గూడ వచ్చిండు. మొత్తం తీస్కపోతనంటుండు. ఇచ్చి పారెయ్" అన్నాడు.

"తీస్కపోయి ఏం జేస్తడు?"

"ఏమన్న చేస్కోని. మనకేంది?"

"సగానికి కోసి చెంబులు చేసి సంతల అమ్ముతడు. నేను చూసిన. మూతులు మాడ్చి, కాగిన నీళ్లల్ల కడిగి, గవే మళ్ల ఇండ్లల్లకు వస్తయి. వాడకుండ్రని మైకుల చెప్పింది నేనే గద."

ఇస్రాయేలు మరునాడు పాత ఫ్లెక్సీ ఒకటి అడిగి తెచ్చి సంచుల మీద కప్పాడు. నాలుగు పక్కలా టైర్లు బరువు పెట్టాడు. పిల్లలు అటు పోకుండా ముళ్లకంప అడ్డం వేశాడు.

అక్టోబరు మూడో వారంలో వెంకటన్న ఫోన్ చేసి రమ్మన్నాడు. దుకాణంలో శ్రవణ్ కుమార్ కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"ఫోన్ ఎత్తలేకపోయినక్కా, ఏమనుకోకు" అని ముందే అన్నాడు. తర్వాత కాగితం ఇచ్చాడు. ఈసారి చిన్న వాక్యాలే. అవి హైదరాబాద్‌లో రాసినవి, మణెమ్మ మాట్లాడే తీరులోనే రాశారు. ఈ సీజన్‌లో మనమంతా కలిసి లక్ష డబ్బాలు సేకరించాం, వాటన్నిటినీ భూమికి హాని లేకుండా రీసైకిల్ చేశాం, రైతన్నలకు ధన్యవాదాలు. ఇది మైకులోనూ తిరుగుతుంది, వీడియోలోనూ వస్తుంది, నెలాఖరులో హైదరాబాద్‌లో జరిగే ఒక పెద్ద సభలో చూపిస్తారు.

మణెమ్మ కాగితం మడిచి ఒళ్లో పెట్టుకుంది. "లక్ష అని ఎవరు లెక్కవెట్టిండ్రు సారూ?"

"పదివేల సబ్బులు కొన్నరు గదక్కా. సబ్బుకు పది డబ్బాలు."

"సబ్బులు సగం షెడ్డులనే పెట్టెలల్ల ఉన్నయి. నేను చూసిన."

శ్రవణ్ కుమార్ కిందికి చూశాడు. "ఆఫీసుల లెక్క గట్లనే చేసిండ్రు."

"డబ్బాలు గూడ షెడ్డులనే ఉన్నయి. ఇంకిన్ని మా ఇంటి ముందరున్నయి. యాడికీ పోలే. రీసైకిల్ చేసినం అని నేనెట్ల చెప్త?"

"చేస్తరక్కా. ఫ్యాక్టరీతోని మాటలు నడుస్తున్నయి. నేను అబద్ధం చెప్తలే."

"చేసినంక చెప్త. చేసిన రోజే చెప్త, మీరు పిలువకున్నా వచ్చి చెప్త."

అతను బయటికెళ్లి జయశ్రీకి ఫోన్ చేసి, తెచ్చి మణెమ్మ చేతికిచ్చాడు. జయశ్రీ ఓపికగానే మాట్లాడింది. సభకు ఇంకా పది రోజుల టైముందని, ఆలోగా లారీ వెళ్లిపోతుందని, వీడియో ముందే తయారు కావాలి కాబట్టి అలా రాశామని చెప్పింది.

"మేడమ్, మీరు చెప్పేది నాకు సమజైంది. కానీ ఊర్ల జనం వచ్చి అడిగేది నన్ను. షెడ్డు వాళ్ల కండ్ల ముందరనే ఉన్నది" అంది మణెమ్మ. "జమ చేసినం అని చెప్పమంటే చెప్త. ఎన్ని అనేది చెప్ప, తెల్వదు కాబట్టి. మిగిలింది నాతోని కాదు."

జయశ్రీ, "సరేనండీ, మేం వేరే ఏర్పాటు చేసుకుంటాం" అని పెట్టేసింది. ఆ గొంతులో కోపం లేదు. ఆ వీడియోకు హైదరాబాద్‌లో ఎవరో చెప్పారు. మైకుల్లో మాత్రం అది తిరగలేదు.

శ్రవణ్ కుమార్ వెళ్లిపోయాక మణెమ్మ అక్కడే కూర్చుంది. వెంకటన్న టీ తెప్పించాడు. గ్లాసు ఖాళీ చేసి, "అన్నా, నాకొకటి రికార్డు చెయ్యి" అంది.

"ఏం?"

"నా తరఫున. ఆటో వస్తలేదని చెప్పాలె."

వెంకటన్న తల అడ్డంగా ఊపాడు. "మణెమ్మక్కా, నవంబరు దాంక వాళ్ల పని మన చేతుల ఉన్నది. వాళ్ల మీద చెప్తే రేపు ఎవరు పనిస్తరు నాకు?"

"వాళ్ల పేరు చెప్ప. నా మాట నేను ఎనకకు తీస్కుంట. గంతే. ఆటో వస్తది, తప్పదు అని నా గొంతు ఇంక తిరుగుతనే ఉంది. ఇంటున్న కొద్ది నాకు సిగ్గయితుంది."

వెంకటన్న లేచి తలుపు మూసి ఫ్యాను ఆపాడు. రికార్డింగ్‌లో ఫ్యాను చప్పుడు పడకుండా ఎప్పుడూ అలాగే చేస్తాడు. ఆమె కాగితమేమీ రాసుకోలేదు. రెండుసార్లు తడబడింది, మూడోసారి ఆగకుండా చెప్పింది.

"నేను మణెమ్మను. శుక్రారం శుక్రారం డబ్బాల ఆటో వస్తది, తప్పదు అని మీకు చెప్పిన. రెండు నెలల సంది వస్తలేదు. ఎప్పుడు వస్తదో నాకు తెల్వదు. తెల్వకుండనే తప్పదని చెప్పిన, అది నా తప్పు. డబ్బాలు మాత్రం కాలువల యెయ్యకుండ్రి, పాత సామాన్లోళ్లకు ఇయ్యకుండ్రి. సంచి మూతి గట్టిగ కట్టి పిల్లలకు, గొడ్లకు అందకుండ పెట్టుండ్రి. తీస్కపోయే దినం నాకు తెలిస్తే నేనే చెప్త."

మరునాడు మైకు ఆటో ఆ మాటలతో మూడు ఊళ్లు తిరిగింది. పాత ప్రకటనను వెంకటన్న ఆ రోజు నుంచే ఆపేశాడు. కంపెనీ అడిగితే మైకు చెడిందని చెప్పుకుంటానన్నాడు. తనగలలో ఎవరో ఫోన్‌లో రికార్డు చేసి గ్రూపుల్లో పెట్టారు. కొందరు నవ్వుకున్నారు, మైకులో తప్పు ఒప్పుకోవడం వాళ్లెప్పుడూ వినలేదు. చేలో ఆడవాళ్లు రెండు రోజులు దాని గురించే మాట్లాడి తర్వాత వదిలేశారు. మణెమ్మ ఇంటి ముందుకు సంచులు రావడం మాత్రం ఆగింది.

ఆ వాయిస్ ఎన్ని ఫోన్లు దాటి పోయిందో గానీ నవంబరు మొదటివారంలో జయశ్రీ మళ్లీ వచ్చింది. ఈసారి కెమెరాలు లేవు, శ్రవణ్ కుమార్ ఒక్కడే వెంట ఉన్నాడు. షెడ్డు చూసి నేరుగా మణెమ్మ ఇంటికి వచ్చారు. ఇస్రాయేలు ఫ్లెక్సీ ఒక మూల ఎత్తి చూపించాడు. జయశ్రీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచింది.

"ఇవన్నీ ఎప్పటి నుంచి ఉన్నాయి?" అని అడిగింది.

"మీరు ఫొటోలు తీస్కపోయిన వారం సంది" అన్నాడు ఇస్రాయేలు.

జయశ్రీ తన బ్యాగులోంచి రంగుల పుస్తకం ఒకటి తీసి మణెమ్మకు ఇచ్చింది. హైదరాబాద్ సభకు అచ్చేసింది. లోపల పుట మొత్తం మణెమ్మ ఫొటో, తల మీద ఆకుపచ్చ టోపీ. కింద ఆమె పేరు, పేరు పైన పెద్ద అక్షరాల్లో ఒక మాట. సుస్థిరతే మా పిల్లల భవిష్యత్తు.

మణెమ్మ చదివింది. "ఇది నేను అనలే మేడమ్."

"అవును. మేమే రాశాం."

"నాకు పిల్లలు గూడ లేరు."

జయశ్రీ ముఖం ఎర్రబడింది. శ్రవణ్ కుమార్ గోడ వైపు తిరిగాడు. ఇస్రాయేలు లోపలికెళ్లి కుర్చీ తెచ్చి వేశాడు. జయశ్రీ కూర్చుంది, నీళ్లు ఇస్తే తాగింది.

"సభలో లక్ష అని చెప్పేశాం. అది నేను వెనక్కి తీసుకోలేను. నా చేతుల్లో లేదు" అంది చివరికి. "డబ్బాలు మాత్రం పంపిస్తాను. డిసెంబరులో."

"ఏ దినం?"

"తేదీ చెప్తాను. చెప్పాక మారదు."

"మారదని నన్ను చెప్పమంటే చెప్ప మేడమ్. లారీ వచ్చినంక చెప్త" అంది మణెమ్మ. "ఇంకొకటి. నేను గూడ లారీల వస్త. యాడికి పోతయో, ఏం జేస్తరో చూస్త. చూస్తెనే గద మా ఊర్ల చెప్పొచ్చేది."

జయశ్రీ శ్రవణ్ కుమార్ వైపు చూసింది. ఫ్యాక్టరీవాళ్లు ఒప్పుకోవాలన్నాడు అతను. అడగమంది ఆమె.

లారీ డిసెంబరు పన్నెండున వచ్చింది. చెప్పిన తేదీకి రెండు రోజులు ఆలస్యం. ముఖాలకు గుడ్డలు కట్టుకుని, చేతులకు గ్లవుజులు తొడుక్కుని ఎనిమిది మంది కూలీలు సంచులు ఎక్కించారు. మణెమ్మ ఇంటి ముందరివి మొత్తం ఎక్కాయి. షెడ్డులోవి సగానికి పైగా ఎక్కేసరికి లారీ నిండిపోయింది. ఖాళీ డబ్బాలకు బరువు తక్కువ, చోటు ఎక్కువ.

ఇస్రాయేలుకు ఆ మోకాలితో అంత దూరం కూర్చోవడం కాదు. ఆడమనిషి ఒక్కతే లారీలో ఎట్లా పోతుందని మాట వస్తే, "నేను వస్త పా. మా డబ్బాలు గూడ ఉన్నయి గద" అంది కిష్టమ్మ. అరవై ఏళ్ల మనిషి. కొడుకు వద్దన్నా వినలేదు.

నల్లగొండ జిల్లాలో ఉన్న ఆ ఫ్యాక్టరీకి పోయేసరికి మధ్యాహ్నం దాటింది. దారిలో లారీ ఆపినప్పుడు కిష్టమ్మ టిఫిను విప్పింది. జొన్నరొట్టెలు, పల్లీల పొడి. రెండు రొట్టెలు తీసి మణెమ్మ చేతిలో పెట్టింది. ఇద్దరూ క్యాబిన్‌లో పక్కపక్కనే కూర్చుని ఒకే టిఫిను డబ్బాలోంచి పొడి అద్దుకుని తిన్నారు. ఊళ్లో వాళ్లిద్దరూ అట్లా కలిసి తిన్నది ఎన్నడూ లేదు. కిష్టమ్మ పత్తి ధర గురించి, కోడలి నడుం నొప్పి గురించి దారి పొడుగునా మాట్లాడింది.

గేటు దగ్గర కాంటా మీద లారీని తూచారు. డబ్బాలు దించాక మళ్లీ తూచారు. రెండు టన్నులకు కొంచెం తక్కువ వచ్చింది. అక్కడికి ముందే వచ్చి ఉన్న శ్రవణ్ కుమార్ ఆ చీటీని ఫొటో తీసుకున్నాడు. తలకు టోపీలు పెట్టి ఆడవాళ్లిద్దరినీ ఒక షెడ్డు దాకా తీసుకుపోయారు. పెద్ద యంత్రమొకటి డబ్బాలను ముక్కలు ముక్కలుగా కోస్తోంది. ఆ ముక్కలు బెల్టు మీద పైకి పోతున్నాయి. బట్టీ దగ్గరికి పోనివ్వలేదు గానీ దూరం నుంచి చూపించారు. చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినపడలేదు. కిష్టమ్మ చెవులు మూసుకుని, కోసే యంత్రం వైపు కన్నార్పకుండా చూస్తూ నిలబడింది.

తిరిగి వచ్చిన మరునాడే మణెమ్మ శాంతినగర్‌ వెళ్లింది. లారీ ఒకటి పోయిందని, తాను, కిష్టమ్మ వెంట పోయి చూసొచ్చామని, రెండు టన్నులకు కొంచెం తక్కువ తూగిందని, షెడ్డులో ఇంకా సగం లోపు మిగిలాయని, అవి ఎప్పుడు పోతాయో తెలియదని చెప్పింది. వెంకటన్న దాన్ని ఐదు ఊళ్లు తిప్పాడు. ఆమె డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

రెండో లారీ ఫిబ్రవరిలో వచ్చింది. ఆ రోజు మణెమ్మ ఊళ్లో లేదు, చెల్లెలి కాన్పుకని గద్వాల ఆసుపత్రిలో ఉంది. ఇస్రాయేలు దగ్గరుండి ఎక్కించాడు. కంపెనీ ఆమెకు రైతు రాయబారి అని ఏదో పేరు పెట్టి, సభల్లో మాట్లాడటానికి పిలుస్తామంది. ఆమె వద్దంది. క్రాసింగ్ రోజుల్లో కుదరదని చెప్పింది. నిజంగా కుదరదు కూడా. కంపెనీ మైకు ప్రకటనలు ఇప్పుడు వేరే ఆమె చెబుతోంది, గద్వాలలో టీచరమ్మ. బాగానే చెబుతుందని మణెమ్మే అంటుంది.

మరుసటి ఏడాది కంపెనీ పుస్తకంలో డబ్బాలకు బదులు టన్నుల్లో లెక్క వేశారు. కాంటా చీటీల మొత్తం మూడు టన్నుల పైచిలుకు. అంతకుముందు చెప్పిన లక్ష అంచనా మాత్రమేనని అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. జయశ్రీ ఆ వాక్యం కోసం ఆఫీసులో మూడు నెలలు కొట్లాడిందని శ్రవణ్ కుమార్ చెప్పాడు. ఆ పుస్తకం వడ్డేపల్లికి ఒక్కటే వచ్చింది, అతను తెచ్చి ఇచ్చింది. అందులో మణెమ్మ ఫొటో లేదు.

ఆటో ఇప్పుడు పదిహేను రోజులకొకసారి వస్తోంది. వానలప్పుడు ఒకసారి తప్పింది. ఆ సంగతి ముందు రోజే మైకులో చెప్పారు.